లింకన్ పార్కు ఒడ్డున హంపీల కాలం

సియాటిల్ చుట్టుపక్కల గాలం వేసే అలవాటున్నవాళ్లు ఆగస్టులో ప్రయాణం పెట్టుకునే ముందు అది సరి సంవత్సరమా, బేసి సంవత్సరమా అని చూసుకుంటారు. సరి అయితే ఎక్కడికైనా వెళ్తారు. బేసి అయితే ఊరు కదలరు. బోథెల్‌లో ఉండే మా మేనల్లుడూ ఆ బాపతే. 2025 వేసవిలో వస్తానంటే టికెట్ల ధరల ఊసు ఎత్తకుండా, "జూన్‌లో వద్దు మామయ్యా, ఆగస్టు మధ్యకి రండి. హంపీలు దిగుతాయి" అన్నాడు. వాళ్లమ్మ, అంటే మా చెల్లెలు, అప్పటికే అక్కడే ఉంది. చేప తేవడం మా వంతు, దాని సంగతి చూడటం తన వంతు.

హంపీ అంటే పింక్ సాల్మన్. పసిఫిక్ సాల్మన్‌లలో అన్నిటికన్నా చిన్నది, సంఖ్యలో అన్నిటికన్నా ఎక్కువ. మామూలుగా రెండు కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. నదిలోకి చేరేసరికి మగచేప వీపు మీద గూని లేస్తుంది, అందుకే ఆ పిలుపు. దీని ఆయుష్షు రెండేళ్లు. శరత్కాలంలో నదిలోని గులకరాళ్ల మధ్య పెట్టిన గుడ్లు వసంతానికి పిల్లలవుతాయి. కోహో సాల్మన్ పిల్లలు ఏడాదికి పైగా నదిలోనే పెరుగుతాయి. ఇవి మాత్రం రాళ్లలోంచి బయటపడగానే సముద్రం దారి పడతాయి. ఏడాదిన్నర పసిఫిక్‌లో మేసి, పుట్టిన నదికి తిరిగొచ్చి, గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. మూడో ఏడు చూసే చేప ఉండదు గనక బేసి ఏడాది చేపలకూ సరి ఏడాది చేపలకూ కలయికే లేదు. ఒకే నదిలో పుట్టినా అవి వేర్వేరు వంశాలు. సియాటిల్‌ను ఆనుకున్న ప్యూజెట్ సౌండ్‌లో రాజ్యమంతా బేసి వంశానిదే. 1956లో కెనడాలో పొరపాటున కొన్ని పింక్ పిల్లలు సుపీరియర్ సరస్సులో పడ్డాయి. అవి ఆ మంచినీళ్లలోనే బతికి, తరాలు గడిచేసరికి కొన్ని మూడేళ్లు బతకడం నేర్చి, అక్కడ సరి సంవత్సరాల్లోనూ గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. సముద్రం దగ్గర తప్పని లెక్క సరస్సులో తప్పిందన్నమాట.

గాలం కొత్తగా పట్టేవాడికి ఇంతకన్నా మంచి చేప దొరకదని నా అభిప్రాయం. పెద్ద సాల్మన్‌ల కోసం పడవ కావాలి, లోతు కొలిచే యంత్రాలు కావాలి, డబ్బు కావాలి. పింక్ ఒడ్డు వెంబడే వెళ్తుంది. మంద మందగా వెళ్తుంది. తన రాకను దాచుకోదు, నీళ్లలోంచి ఎగిరి మరీ చూపిస్తుంది. సరైన నెలలో, సరైన పూట, సరైన ఒడ్డున నిలబడటమే సగం విద్య.

ఆ ఒడ్డుల్లో ఒకటి లింకన్ పార్కు. చీకటితోనే బయల్దేరాం. 2020లో పగుళ్లిచ్చి రెండున్నరేళ్లు మూతపడిన వెస్ట్ సియాటిల్ వంతెన దాటుతుంటే కింద డువామిష్ నది, రేవులో క్రేన్ల దీపాలు కనిపించాయి. వషాన్ దీవికి ఫెర్రీలు నడిచే ఫాంటిల్‌రాయ్ రేవు పక్కనే ఈ పార్కు. కారు పైన ఆపి, దేవదారుల మధ్య బాట పట్టి కిందికి దిగితే గులకరాళ్ల ఒడ్డు. ఇసుక తక్కువ, అలలు చిన్నవి. అలవాటు మీద చెప్పులు వేసుకుని వస్తే కాళ్లు పట్టు తప్పే ఒడ్డు ఇది. పోటుకు కొట్టుకొచ్చిన పెద్ద దుంగలు గట్టున అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. ఎదురుగా వషాన్, కాస్త కుడికి బ్లేక్ దీవి, వాటి వెనక తెల్లవారాక ఒలింపిక్ పర్వతాలు. ఒడ్డు ముందుకు పొడుచుకొచ్చిన కొన మీద కోల్మన్ పూల్ అనే ఈతకొలను ఉంది. సముద్రపు నీళ్లనే వెచ్చబెట్టి నింపుతారు. ఆ కొన దగ్గర నీళ్లు త్వరగా లోతవుతాయి గనక జనం అక్కడే చేరతారు.

మేం వెళ్లేసరికే చీకట్లో వరసగా మనుషులు. వియత్నాం వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, కొరియన్లు, రష్యన్ మాట్లాడే ముసలాళ్లు, ఆఫీసు బ్యాడ్జి మెడలోంచి తియ్యని కుర్రాళ్లు. మోకాళ్ల దాకా, కొందరు నడుం దాకా నీళ్లలో. ఆగస్టులో కూడా ఆ నీళ్లు పదమూడు పద్నాలుగు డిగ్రీలకు మించవు. రబ్బరు తొడుగులు లేకుండా అరగంట నిలబడటం కష్టం. వరసకు రాసిపెట్టని మర్యాదలున్నాయి. ఎదురుగా తిన్నగా విసరాలి, పక్కవాడి దారం మీదికి పోకూడదు. ఎవరికైనా చేప పడితే కేక వేస్తారు. అటూ ఇటూ ఉన్నవాళ్లు తమ దారాలు చుట్టేసుకుని అతనికి దారిస్తారు. అంతమంది అంత ఇరుకులో గొడవ పడకుండా నిలబడటం చూస్తే నాకు చేపలకన్నా అదే ముచ్చటేసింది.

సరంజామా గురించి దుకాణాల్లో ఎంతైనా చెబుతారు. అవసరమైంది కొద్దే. ఎనిమిదిన్నర, తొమ్మిది అడుగుల కర్ర ఒకటి. మరీ బండది అక్కర్లేదు. మధ్యస్థం సైజు స్పిన్నింగ్ రీలు. పది పన్నెండు పౌండ్ల దారం. దూరం విసరాలంటే సన్నటి అల్లిక దారం చుట్టి, కొసకి నీళ్లలో కనబడని ఫ్లోరోకార్బన్ ముక్క కడతారు. ఎర మాత్రం గులాబీ రంగుదే. ఈ ఒడ్డున ఎవరి పెట్టె తెరిచినా కనిపించేది బజ్ బాంబ్. కెనడాలోని వాంకూవర్ దీవిలో పుట్టిన ఎర అది. వజ్రం ఆకారంలో వంపు తిరిగిన చిన్న లోహపు బిళ్ల. నడుమ బెజ్జంలోంచి దారం వెళ్తుంది, దాని కింద చిన్న రబ్బరు ముక్క, ఆ కింద గాలం. బిళ్ల దారం మీద జారుతుంది, పడేటప్పుడు గిరగిరా తిరుగుతూ వణుకుతుంది. చేప పట్టేది లాగేటప్పుడు కాదు, అది పడేటప్పుడు. అందుకే విసరడం, మునగనివ్వడం, కర్ర కొసను ఒక్కసారి పైకెత్తి వదలడం, వదులైన దారాన్ని మాత్రం చుట్టుకోవడం, మళ్లీ ఎత్తడం. ఇంతే పని. గంటల తరబడి ఇదే. పింక్‌లు సముద్రంలో ఎక్కువగా మేసేవి రొయ్య జాతి సన్న పురుగులు. అందుకే గులాబీ రంగుకు వస్తాయని కొందరంటారు. కాదు, చిరాకుతో కొరుకుతాయని ఇంకొందరు. వరసలో ఈ వాదం తెగదు.

వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ సముద్రంలో సాల్మన్‌కు వేసే గాలానికి ఒకటే కొన ఉండాలి, వెనక ముల్లు ఉండకూడదు. ముల్లుంటే పట్టకారుతో నొక్కేయాలి. ముల్లు లేని గాలం అంటే దారం ఒక్క క్షణం వదులైనా చేప జారిపోతుంది. దానికి తోడు పింక్ నోరు మెత్తన. రీలు బిగువు ఎక్కువ పెడితే నోరు చిరిగి గాలం ఊడొస్తుంది. బిగువు తగ్గించుకుని, అది పరిగెత్తితే పరిగెత్తనిచ్చి, ఆగినప్పుడు చుట్టుకోవాలి. మా పక్కన నిలబడ్డ డెబ్బై దాటిన ఫిలిపినో పెద్దాయన ఇంకో మాట చెప్పాడు: "చేప ఎగిరిన చోట వేయకండి. ఎగిరిందంటే అక్కణ్ణుంచి వెళ్లిపోయినట్టే. వెళ్లబోయే చోట వేయండి." ఇక్కడ వెళ్లబోయే చోటంటే దక్షిణం. పడమరకి తిరిగి నిలబడ్డ మాకు కుడి నుంచి ఎడమకి. పోటు నీరు కూడా అటే లాగుతుంది, దానితో పాటే మందలూ వస్తాయి. వాటిలో చాలామటుకు టకోమా దగ్గర సముద్రంలో కలిసే పుయల్లప్ నదికి వెళ్లేవి. రైనియర్ పర్వతం మీది మంచు కరిగి పారే నది అది. పోటు చివరి గంట, పోటు ఆగి ఆటు మొదలయ్యే కాస్సేపు, అది తెల్లవారే వేళతో కలిస్తే ఇంకేం కావాలని వీళ్ల లెక్క. పెద్దాయన వాళ్ల నాన్న కుర్రతనంలో ఏటా వేసవికి సియాటిల్ నుంచి ఓడెక్కి అలాస్కా క్యానరీలకు కూలికి వెళ్లేవాడట. 1920లలో, 30లలో వేలమంది ఫిలిపినోలు అలాగే వెళ్లి ఈ చేపనే డబ్బాల్లో నింపారు. కొడుకు ఇప్పుడు సరదాకి పడుతున్నాడు.

ఆరింటికల్లా వెలుగొచ్చింది. కొన దగ్గర మొదటి చేప ఎగిరింది, తర్వాత ఇంకోటి, తర్వాత వరస పొడుగునా కేకలు. నా దారం బరువెక్కినప్పుడు రాయి తగిలిందనుకోవడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు. కర్ర కొస కొట్టుకోసాగింది. "వెనక్కి నడవండి మామయ్యా, చుట్టొద్దు, నడవండి" అని మేనల్లుడు అరుస్తున్నాడు. అల వచ్చినప్పుడు దానితో పాటే గులకరాళ్ల మీదికి లాక్కొచ్చాం. వలతో పనే పడలేదు. ఇంకాస్త ఆలస్యమైతే మాకు దక్కేది కాదు. ఒడ్డుకు ఇరవై గజాల్లో ఒక సీల్ బుర్ర తేల్చి కాపు కాస్తోంది. కాస్సేపటికి నాలుగో మనిషి చేపను లాక్కుపోయి, గాలానికి తల మాత్రం మిగిల్చింది. ఆ మనిషి తిట్టలేదు. నవ్వి, తలను నీళ్లలోకి విసిరేసి మళ్లీ బజ్ బాంబ్ కట్టుకున్నాడు.

పట్టింది పింకే అని తేల్చుకోవడం ఈ ఒడ్డున నేర్చుకోవాల్సిన అసలు చదువు. ఒకే నీళ్లలో చినూక్ ఉంటుంది, కోహో ఉంటుంది. చాలాచోట్ల, చాలాసార్లు వాటిని వదిలేయాలి. పింక్‌కు పొలుసు మరీ సన్నం, ముట్టుకుంటే చేతికంటుతుంది. వీపు మీదా, తోక రెండు పాయల మీదా గుడ్డు ఆకారంలో పెద్ద నల్ల మచ్చలు. కోహో తోకకు పైపాయ మీదే మచ్చలుంటాయి, చిగుళ్లు తెల్లన. చినూక్ కింది చిగురు నల్లన. ఉంచుకునే చేప అయితే అక్కడికక్కడే, పట్టిన చేపల లెక్క రాసే కార్డు తీసి జాతి, తేదీ, ప్రాంతం నంబరు సిరాతో రాయాలి. తర్వాత రాద్దామంటే కుదరదు. లింకన్ పార్కు పదో ప్రాంతంలో దక్షిణపు అంచు. ఇంకాస్త దిగువకు వెళ్తే పదకొండు, అక్కడి నిబంధనలు వేరు. ఎన్ని పట్టుకోవచ్చన్నది ప్రాంతాన్ని బట్టి, సీజన్ మధ్యలో కూడా మారుతుంది. మేనల్లుడు కారెక్కే ముందు ఫోన్‌లో ఆ పూట నిబంధనలు చూసుకున్నాకే తాళం తిప్పాడు. నాలాంటి చుట్టపుచూపు వాళ్లకు ఒకటి, రెండు, మూడు రోజుల లైసెన్సులు అమ్ముతారు. పదిహేనేళ్ల లోపు పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు, కార్డు మాత్రం కావాలి.

ఈ లెక్కల వెనక పాత ఒప్పందం ఒకటుంది. 1855లో ఇక్కడికి ఉత్తరాన మకిల్టియో దగ్గర పాయింట్ ఇలియట్ ఒప్పందం జరిగింది. ఈ తీరపు తెగలు భూమి వదులుకున్నాయి, తమకు అలవాటైన చోట్ల చేపలు పట్టే హక్కు మాత్రం వదులుకోలేదు. నూరేళ్లకు పైగా రాష్ట్రం ఆ హక్కును లెక్కచేయలేదు. ఇలాంటి ఒప్పందమే విడిగా చేసుకున్న నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్ లాంటివాళ్లు తమ నదిలో తాము వల వేసినందుకు పదేపదే అరెస్టయ్యారు. 1974లో జడ్జి జార్జ్ బోల్ట్ ఇచ్చిన తీర్పుతో పట్టదగిన చేపల్లో సగం తెగల వాటా అని తేలింది. డువామిష్ మొగలో వలలు చూసి "మన చేపలన్నీ వాళ్లే పట్టేస్తున్నారు" అని గొణిగేవాళ్లు వరసలో ఇప్పటికీ ఉన్నారు. నాకు ఆ గొణుగుడు నచ్చలేదు. నా జేబులో ఉన్నది మూడు రోజుల కాగితం, వాళ్లది ఊరు పుట్టకముందు నుంచీ ఉన్న హక్కు.

గోదావరి గట్టున పుట్టినవాణ్ణి గనక నాకు మాటిమాటికీ పులసే గుర్తొచ్చింది. అదీ ఇదే నెలల్లో సముద్రం విడిచి నదిలోకి ఎదురెక్కుతుంది, అదీ గుడ్ల కోసమే. కానీ రుచి సంగతికొస్తే లెక్క తిరగబడుతుంది. పులస ఎర్రనీటికి ఎదురీదేకొద్దీ రుచెక్కుతుందని మనవాళ్ల నమ్మకం, ధవళేశ్వరం దాకా వచ్చిన చేపకే గిరాకీ. పింక్ నది దగ్గరపడేకొద్దీ చెడుతుంది. ఒంట్లో కొవ్వంతా ప్రయాణానికీ గుడ్లకీ ఖర్చయి, మాంసం పాలిపోయి నీళ్లోడుతుంది. ఉప్పునీళ్లలో వెండిలా మెరుస్తున్నప్పుడు పట్టినదే తిండికి మేలు. నదుల్లో పట్టడం తేలికే అయినా ఇంతమంది సముద్రపు ఒడ్డున వణుకుతూ నిలబడేది అందుకే.

పట్టాక ఆలస్యం చేసినా అంతే చేటు. ఇది మెత్తటి మాంసం, ఎండకు గంటలో పాడవుతుంది. తల మీద ఒక్క దెబ్బ వేసి, మొప్పలు కోసి, బకెట్ సముద్రపు నీళ్లలో తలకిందులుగా ఉంచి నెత్తురంతా పోనిచ్చి, కడుపు శుభ్రం చేసి, ఐసులో పాతేయాలి. పింక్ బాగోదు, పిల్లి తిండి అని ఈసడించే అమెరికన్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది దాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి మధ్యాహ్నం దాకా రాళ్ల మీద వదిలేసినవాళ్లేనని మేనల్లుడి అనుమానం.

ఇంటికి తెచ్చాక మా చెల్లెలు ముక్కను వేలితో నొక్కి చూసి పెదవి విరిచింది. "పులుసుకి పనికిరాదన్నయ్యా. గరిటె పెట్టక్కర్లేదు, చూస్తేనే విడిపోయేలా ఉంది." చింతపండు పులుసులో గంటసేపు ఉడికినా నిలిచే చేపలకు అలవాటుపడ్డ చెయ్యి అది. బియ్యప్పిండి అద్ది వేయించింది, ఫరవాలేదనిపించింది. మర్నాడు మాత్రం దాని మెత్తదనాన్నే పనిలోకి దింపింది. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, తోలూ ముళ్లూ తీసి, చేత్తో పొడిపొడిగా నలిపి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, కరివేపాకులో నీరు ఇగిరేదాకా వేపింది. మన వైపు సొరచేపతో చేసే పిట్టు, అచ్చం అదే. పింక్ ఇందుకే పుట్టిందా అనిపించింది. మేనల్లుడు ఆల్డర్ చెక్కల పొగ పెట్టడానికని ఉప్పూ బెల్లం నీళ్లు కలిపి సిద్ధంగా పెట్టుకున్నాడు. మేం ఆ వారం పట్టిన చేపల్లో వాడి పొగ దాకా చేరినవి రెండు ముక్కలు, అవీ వాళ్లమ్మ చూడకుండా దాచుకున్నవి.