నర్సుల పరీక్షలో ఒక వైద్యుడు తప్పిన ప్రశ్నలు

ఇక్కడ సాధారణంగా మధుమేహం గురించో, రక్తపోటు గురించో వ్రాస్తుంటాను. ఈసారి ఒక పరీక్ష గురించి వ్రాస్తున్నాను. అది నర్సులకు పెట్టే పరీక్షే అయినా, ఆస్పత్రి మంచం మీద పడుకోవలసి వచ్చే ప్రతి ఒక్కరికీ సంబంధించినదే.

నాతో కలిసి ప్రభుత్వ ఆస్పత్రిలో చాలాకాలం పనిచేసిన హెడ్ నర్సు గారి అమ్మాయి బి.ఎస్సి. నర్సింగ్ చదివి హైదరాబాదులో ఐ.సి.యు.లో ఉద్యోగం చేస్తోంది. అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా పనిచేయడానికి ఉత్తీర్ణత పొందవలసిన ఎన్‌క్లెక్స్ పరీక్షకు సిద్ధమవుతోంది. మూడు నెలలుగా ప్రతి ఆదివారం సాయంత్రం మాదిరి ప్రశ్నలు పట్టుకొని మా ఇంటికి వస్తోంది. నాకు తెలియని వైద్యం ఉండదని ఆమె నమ్మకం. మొదటిరోజు ఇద్దరం వేర్వేరు కాగితాల మీద ఇరవై ప్రశ్నలకు జవాబులు వ్రాశాము. ఆమెకు పదమూడు సరిపోయాయి. నాకు పదకొండు.

ఈ పరీక్ష స్వరూపం ముందు చెప్పాలి. జవాబు సరైనదైతే కంప్యూటరు తరువాత కొంచెం కఠినమైన ప్రశ్నను, తప్పైతే కొంచెం తేలికైన ప్రశ్నను ఇస్తుంది. అందువల్ల ఎంత బాగా చదివినవారికైనా ప్రశ్నలు కష్టంగానే తోస్తాయి. అంతమాత్రాన బెంబేలు పడనక్కరలేదు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త పద్ధతి ప్రకారం కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు. వ్యవధి 5 గంటలు. మార్కులు, ర్యాంకులు లేవు. ఈమె చేతిలో రోగి క్షేమంగా ఉంటాడా, ఉండడా అన్న ఒక్క విషయమే తేలుస్తారు.

ఇక మా తప్పుల సంగతి. ఆమె తప్పిన ఏడింటిలో నాలుగింటికి కారణం ఒక్కటే. ఉదాహరణకు, రక్తం ఎక్కించడం మొదలుపెట్టిన పది నిమిషాలకు రోగికి చలి, వణుకు, నడుము నొప్పి వచ్చాయి. నర్సు మొదట చేయవలసినది ఏమిటి? "డాక్టరుకు తెలియజేయాలి" అని ఆమె గుర్తుపెట్టింది. సరైన జవాబు, రక్తం వెంటనే ఆపివేయడం. ఆ తరువాతే కొత్త గొట్టంతో సెలైన్ పెట్టి రక్తనాళం మూసుకుపోకుండా చూడడం, నాడి, రక్తపోటు గమనించడం, డాక్టరుకూ బ్లడ్ బ్యాంకుకూ కబురు చేయడం. డాక్టరు వచ్చేదాకా ఆ రక్తం చుక్కచుక్కగా లోపలికి పోతూనే ఉంటుంది కదా!

"నీకు ఇది తెలియదా అమ్మా?" అని అడిగాను.

"తెలుసు సార్. కానీ మా వార్డులో అడక్కుండా ఆపితే తిడతారు" అన్నది.

నేను మాట్లాడలేకపోయాను. 1980లలో ఒక రాత్రి నా డ్యూటీలో ఇదే జరిగింది. ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక స్టాఫ్ నర్సు, రోగి వణకడం చూసి రక్తం ఆపి, నాకు కబురు పంపింది. నిద్ర చెడిన కోపంలో వార్డులోకి వస్తూనే, "ఆపమని నీకెవరు చెప్పారు?" అని అందరి ఎదుటా కేకలు వేశాను. తరువాత సంచీ మీది పేరు చూశాను. ఆ రక్తం పక్క మంచం రోగిది. ఆ రోగి బ్రతికాడు. కేస్ షీటులో "రక్తం ఆపివేయబడినది" అని వ్రాశాను; ఎవరు ఆపారో వ్రాయలేదు. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పలేదు. ఆ తరువాత ఆమె చిన్న పనికి కూడా నన్ను అడిగేది. ఆమె వినయానికి అప్పట్లో సంతోషించాను.

మాదిరి ప్రశ్నలతో సిద్ధమయ్యేవారికి ఈ ఆదివారాల అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను.

ఒకటి: రోజుకు ఎన్ని ప్రశ్నలు చేశామని లెక్కపెట్టుకోవద్దు. తప్పిన ప్రతి ప్రశ్నకూ కారణం నోటుపుస్తకంలో వ్రాయండి. విషయం తెలియక తప్పామా, ప్రశ్న సరిగా చదవక తప్పామా, వార్డు అలవాటు చొప్పున తప్పామా? మూడింటికీ మందులు వేరు.

రెండు: నలుగురు రోగులను చూపి, ముందు ఎవరి దగ్గరకు వెళ్తావని అడుగుతారు. మన దగ్గర ఎవరి బంధువులు గట్టిగా అరిస్తే వారి దగ్గరకు పరుగెత్తుతాము. పరీక్షలో అరిచేవాడికన్నా, థైరాయిడ్ ఆపరేషన్ అయి శ్వాసలో గురక వంటి శబ్దం మొదలైనవాడు ముందు. శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ అన్నదే వరుస.

మూడు: మందుల పేర్లు మారతాయి. మన పారాసెటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, సాల్బుటమాల్ ఆల్బ్యుటెరాల్, ఎడ్రినలిన్ ఎపినెఫ్రిన్.

నాలుగు: అసలు పరీక్ష ప్రశ్నలే ఇస్తామని డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. ఆ ప్రశ్నలు రహస్యమైనవి. ప్రశ్న కంఠస్థం చేసినవారికి, రోగి వివరం కాస్త మారగానే జవాబు తోచదు.

నా తొమ్మిది తప్పులు ఎలాంటివని అడుగుతారేమో. చాలావాటిలో నేను రక్తపరీక్షలకు, ఎక్స్‌రేలకు ఆర్డర్లు వ్రాశాను. రోగి పక్కన నిలబడి ఉన్న మనిషి ఆ నిమిషంలో ఏం చేయాలన్నది నాకు తట్టలేదు.

చివరగా మీకు ఒక మాట. మీకు గానీ మీవారికి గానీ రక్తం ఎక్కిస్తున్నప్పుడు చలి, దురద, ఆయాసం, నడుము నొప్పి ఏది కనిపించినా ఓర్చుకోకుండా వెంటనే నర్సును పిలవండి. ఆమె వచ్చి రక్తం ఆపితే, డాక్టరును అడిగావా అని మాత్రం అనకండి. ఆ మాట నేనొకసారి అన్నాను.