పారేసే ముందు

ఫ్రాన్స్‌లో సెస్సీ అనే ఊరి పొలాల కింద, దాదాపు 100 మీటర్ల లోతున, 14,000 టన్నుల యంత్రం ఒకటి ఉంది. పేరు సీఎంఎస్. జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనశాల నడిపే 27 కిలోమీటర్ల వలయంలో ప్రోటాన్ గుంపులు ఎదురెదురుగా వచ్చి కలుసుకునే నాలుగు చోట్లలో ఇదొకటి. ఒక్కో గుంపులో పదివేల కోట్లకు పైగా ప్రోటాన్లుంటాయి. 25 నానోసెకన్లకు ఒకసారి రెండు గుంపులు ఒకదాంట్లోంచి ఒకటి దూసుకుపోతాయి. అన్ని ప్రోటాన్లున్నా అవి ఎంత చిన్నవంటే, ఒక్కో కలయికలో నిజంగా గుద్దుకునేవి సుమారు 60 జతలు మాత్రమే. ఇలాంటి కలయికలు సెకనుకు గరిష్ఠంగా 4 కోట్లు. ఒక్కోదాని పూర్తి వివరం రాసుకోవడానికి ఒక మెగాబైటు పైనే కావాలి, అంటే సెకనుకు 40 టెరాబైట్లు. అంత డేటాను బయటికి లాగడానికి తీగలు చాలవు, దాచడానికి చోటు చాలదు. అందుకని ఏది ఉంచాలో ఏది పారేయాలో అక్కడికక్కడే తేల్చే ఏర్పాటు ఒకటి పెట్టుకున్నాం. దాన్ని ట్రిగ్గర్ అంటాం. నేను పనిచేసేది ఆ ట్రిగ్గర్ బృందంలో.

సెలవులకు ఇంటికొస్తే చాలామంది అడిగేది హిగ్స్ కణం చూశావా అని. నంద్యాలలో ఉండే మా పెదనాన్న మాత్రం వేరే ప్రశ్న వేశాడు.

"రోజుకు ఎన్ని పుడతాయమ్మా అవి?"

"ఇప్పుడున్న తీవ్రతలో సుమారు సెకనుకు ఒకటి, పెదనాన్నా."

"అన్నీ దాచిపెడతారా?"

"లేదు. సగానికి పైగా పారేస్తాం."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "అంత డబ్బు పోసి పుట్టించి, మళ్లీ పారేసేదేందమ్మా?" అన్నాడు.

మా వృత్తి మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. హిగ్స్ బోసాన్ పుట్టీ పుట్టగానే విరిగిపోతుంది. నూటికి 58 సార్లు అది ఒక బాటమ్ క్వార్కు, ఒక బాటమ్ ప్రతిక్వార్కుగా విరుగుతుంది. అవి డిటెక్టర్‌లో రెండు కణాల జల్లులుగా కనిపిస్తాయి. వాటిని జెట్లంటాం. సాదాసీదా ఢీకొనుళ్లలోనూ జెట్లే పుడతాయి, అవి హిగ్స్ కన్నా లెక్కలేనన్ని రెట్లు ఎక్కువ. పక్కన ఇంకేదైనా గుర్తు ఉంటే తప్ప వీటిని విడదీయలేం. అందుకే చాలా హిగ్స్‌లను వదులుకుంటాం. వెయ్యికి రెండుసార్లు మాత్రం హిగ్స్ రెండు ఫోటాన్లుగా విరుగుతుంది. అరుదే గానీ, ఎక్కువ శక్తి ఉన్న రెండు ఫోటాన్లు ఒకేసారి రావడం చాలా స్పష్టమైన గుర్తు. 2012 జులై 4న 125 జీఈవీ (కణాల శక్తికీ బరువుకీ వాడే కొలత) దగ్గర కొత్త కణం ఉందని సెర్న్‌లో ప్రకటించినప్పుడు, ఆధారంగా నిలిచిన వాటిలో ఈ ఫోటాన్ జతలు ముఖ్యమైనవి. అవి మిగిలాయంటే, అంతకు ముందే ఎవరో కూర్చుని ఎంత శక్తి ఉన్న ఫోటాన్ జతను ఉంచాలి అన్న గీత సరైన చోట గీశారు కాబట్టి.

ఆ గీత వెనక ఉన్న తొందర ఎలాంటిదో చెప్పాలి. 25 నానోసెకన్లలో కాంతి ఏడున్నర మీటర్లు వెళ్తుంది. సీఎంఎస్ పొడవు 21 మీటర్లు, వ్యాసం 15 మీటర్లు. అంటే ఒక కలయికలో పుట్టిన కణాలు ఇంకా డిటెక్టర్ దాటకముందే నడిమధ్యలో తర్వాతి కలయిక జరిగిపోతుంది. ట్రిగ్గర్ మొదటి అంచెకు దొరికే సమయం దాదాపు 4 మైక్రోసెకన్లు. అందులోనూ కొంత కేబుళ్లలోనే ఖర్చవుతుంది, ఎందుకంటే సంకేతం మీటరు నడవడానికి 5 నానోసెకన్లు పడుతుంది. డిటెక్టర్ ఉన్న గుహ నుంచి పక్క గుహలోని ఎలక్ట్రానిక్స్‌కు సమాచారం వెళ్లాలి, అక్కడ తేలిన మాట తిరిగి రావాలి. ఈలోగా 160 దాకా కలయికల వివరాలు డిటెక్టర్‌లోని చిన్న చిన్న మెమొరీల్లో వరుసలో వేచి ఉంటాయి. ఉంచమన్న మాట రాకపోతే వాటి మీద కొత్తవి వచ్చి కూర్చుంటాయి.

ఆ కాస్త సమయంలో పూర్తి చిత్రం చూడటం కుదరదు. కణాల దారులు గీసే సిలికాన్ ట్రాకర్ సీఎంఎస్‌కు గుండెకాయ, కానీ దాని సమాచారం మొదటి అంచెకు అందదు. శక్తిని కొలిచే కెలోరీమీటర్లూ, బయటి వరసలో ఉండే మ్యూవాన్ ఛాంబర్లూ ఇచ్చే ముతక వివరాలతోనే ఎఫ్‌పీజీఏ చిప్‌లు నిర్ణయం తీసుకోవాలి. వాటిని దాటి వచ్చేవి సెకనుకు దాదాపు లక్ష. అవి భూమి పైనున్న కంప్యూటర్లకు చేరతాయి. 2022 నుంచి అక్కడ జీపీయూలు కూడా పనిచేస్తున్నాయి. ఆ రెండో అంచెలో ట్రాకర్ సమాచారం కూడా కలుపుకుని, తీరిగ్గా అంటే సెకనులో ఒక భాగంలో, మళ్లీ వడపోస్తే సెకనుకు కొన్ని వేలు మిగులుతాయి. మీరు పేపర్లో చదివే మా ఫలితాల్లో చాలావరకు ఆ కొన్ని వేలలోంచి వచ్చినవే.

చేటతో చెరిగేవాళ్లకు పొట్టు కాళ్ల ముందే పడుతుంది. అనుమానం వస్తే వంగి మళ్లీ ఏరుకోవచ్చు. మాకు ఆ వీలు లేదు. ఒకప్పటి కణ శాస్త్రవేత్తలకు అది ఉండేది. గార్గమెల్ అనే బబుల్ ఛాంబర్ రోజుల్లో ప్రతి ఫొటోనూ మనుషులు కళ్లతో చూసేవాళ్లు, వాళ్లలో చాలామంది ఆడవాళ్లే. 1973లో సెర్న్ ప్రకటించిన తటస్థ ప్రవాహాలకు (బలహీన బలం పనిచేసే ఒక తీరు) దారి చూపినది ఆ ఫొటోల్లో ఒకదానిమీద కనిపించిన ఒంటరి ఎలక్ట్రాన్ గీత. ఒకరు ఒకలా చదివిన ఫొటోను ఇంకొకరు తిరిగి చూసి, కాదు ఇది వేరే అనగలిగారు. ఫొటో ఉంది కాబట్టి. మా దగ్గర ఒకసారి పారేసిన కలయిక గురించి ఎవరూ ఎప్పటికీ వాదించలేరు. ఈ సంగతి నన్ను ఎప్పుడూ తొలుస్తూనే ఉంటుంది. ఈ పనిలో ఉన్నవాళ్లందరినీ తొలవాలనీ అనుకుంటాను.

ఏం ఉంచాలో చెప్పే నియమాల జాబితాను మెనూ అంటాం. అందులో వందల నియమాలుంటాయి. ఉదాహరణకు 24 జీఈవీకి పైబడి, చుట్టూ వేరే సందడి లేని ఒంటరి మ్యూవాన్ కనిపిస్తే ఉంచు. ఆ 24ను 20కి దించితే బాగుండునని అడిగే బృందాలు ఎన్నో. కానీ గీత కిందికి వచ్చేకొద్దీ రాబడి నిటారుగా పెరుగుతుంది, పెరిగిన వాటా ఇంకెవరి దగ్గర్నుంచో తీయాలి. హిగ్స్ వాళ్లు, టాప్ క్వార్కు వాళ్లు, కృష్ణపదార్థాన్ని వెతికేవాళ్లు, అందరూ నిజాయితీగానే అడుగుతారు. మెనూ మీటింగుల్లో గొంతులు పెరగడం నాకు బాధ కలిగించదు. ఒక ఆలోచన బతకాలా వద్దా అన్నది తేలే చోట మనుషులు గట్టిగా మాట్లాడటమే మంచిది.

గీత దించలేనప్పుడు వాడే పద్ధతి ప్రీస్కేల్. ఆ నియమానికి సరిపోయినవి వెయ్యి వస్తే ఒకటి మాత్రం ఉంచు అన్నట్టు. మా బృందంలో పీహెచ్‌డీ చేస్తున్న తెలుగమ్మాయి ఒకసారి మెనూ చూస్తూ, "అక్కా, ఈ జీరో బయాస్ లైను దేనికి? ఇందులో ఏ షరతూ లేదు కదా, ఏది పడితే అది ఉంచుతోంది" అంది. షరతు లేకపోవడమే దాని విలువ. కళ్లు మూసుకుని తీసిన ఆ గుప్పెడు కలయికలు లేకపోతే మనం వేటిని పారేస్తున్నామో చెప్పడానికి ఆధారమే ఉండదు. అలాగే గీతకు కింద కాస్త తెరిచి ఉంచిన నియమాలు లేకపోతే, గీతకు పైన ఉన్నవాటిలో నూటికి ఎన్ని పట్టుకున్నామో లెక్క కట్టలేం. ఆ లెక్క లేని ఫలితం ఫలితమే కాదు. చోటు చాలనప్పుడు ముందుగా ఈ లైన్ల మీదే కత్తి పడుతుంది, వీటికి మాట్లాడే బృందం లేదు కాబట్టి. వాటి తరఫున మాట్లాడటం నా పనిగా పెట్టుకున్నాను.

షిఫ్టుల్లో అయితే తాత్త్విక చింతనకు తీరిక ఉండదు. సెస్సీలోని కంట్రోల్ రూములో రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా కూర్చున్నప్పుడు ట్రిగ్గర్ మనిషి చూడాల్సింది రెండే రెండు గీతలు: మొదటి అంచె రేటు, డెడ్ టైమ్. రేటు హద్దు దాటితే మెమొరీలు నిండి డిటెక్టర్ కాసేపు చూపు కోల్పోతుంది, అదే డెడ్ టైమ్. ఒక్కోసారి కెలోరీమీటర్‌లో ఒక్క ఛానెల్ ఊరికే అరవడం మొదలుపెడుతుంది. లేని శక్తిని ఉన్నట్టు చూపి, మిగతా అందరి వాటా తినేస్తుంది. అదెక్కడుందో కనిపెట్టి, సంబంధిత నిపుణుణ్ణి నిద్రలేపి, నోరు మూయించాలి. గంటలు గడిచేకొద్దీ ప్రోటాన్లు తరిగి తీవ్రత తగ్గుతుంది. అప్పుడు ప్రీస్కేళ్లు సడలించి, అంతదాకా వదిలేసినవాటికి కొంత చోటిస్తాం. తెల్లవారుజామున ఆ సడలింపు జరిగేటప్పుడు నాకు చాలా తృప్తిగా ఉంటుంది.

చోటు చాలనప్పుడు బైటపడిన ఉపాయాల్లో స్కౌటింగ్ నాకు అన్నిటికన్నా నచ్చినది. కలయిక పూర్తి వివరం దాచలేకపోతే, రెండో అంచెలో కంప్యూటర్లు అప్పటికే లెక్కకట్టిన సారాన్ని మాత్రం దాచుదాం అన్నారు. పరిమాణం మెగాబైటు నుంచి కొన్ని కిలోబైట్లకు పడిపోతుంది, కాబట్టి గీతను చాలా కిందికి దించవచ్చు. 2017, 2018లలో ఇలా దాచిన మ్యూవాన్ జతల్లోంచే ఈటా అనే తేలికపాటి మెసాన్ నాలుగు మ్యూవాన్లుగా విరగడం మొదటిసారి బయటపడింది. ఇరవై కోట్ల ఈటాల్లో సుమారు ఒకటి అలా విరుగుతుంది. భారీ కణాల కోసం కట్టిన యంత్రంలో, దాదాపు అర జీఈవీ బరువున్న కణం నుంచి ఆ ఫలితం వచ్చింది. పాత మెనూ ప్రకారమైతే అవన్నీ పోవాల్సినవే.

ఇంకో రకం నష్టం ఆలస్యంగా వచ్చేవాళ్లది. ట్రిగ్గర్ అంతా ఒక ఊహ మీద నిలబడింది: కణాలు కలయిక జరిగిన చోటే పుడతాయి, దాదాపు కాంతివేగంతో బయటికి వస్తాయి. ప్రకృతిలో అలా కాని కణం ఉంటే? కొంత దూరం కనిపించకుండా నడిచి, డిటెక్టర్ మధ్యలో ఎక్కడో విరిగితే? 2022లో మొదలైన విడతలో, హాడ్రాన్ కెలోరీమీటర్ ఇచ్చే సమయం, లోతు వివరాలతో అలాంటి ఆలస్యపు జెట్లను పట్టే నియమాలు మొదటి అంచెలోకి వచ్చాయి. ఎఫ్‌పీజీఏలోనే నడిచే చిన్న న్యూరల్ నెట్‌వర్కు కూడా ఒకటి చేరింది, పేరు ఆక్సొలాట్ల్. ఫలానా కణాన్ని వెతకమని దానికి ఎవరూ చెప్పలేదు, మామూలుగా లేని కలయికను ఉంచడమే దాని పని. దీని మీద మాలో ఏకాభిప్రాయం లేదు. వింతగా ఉన్నదాన్ని ఉంచాం సరే, ఎలాంటివి ఎన్ని పోయాయో ఎలా చెప్తారని అడిగేవాళ్ల మాటలో బలముంది. అయినా నేను దాని పక్షమే. ఎవరికీ తోచని ప్రశ్నకు జవాబు ఉన్న కలయికను ఉంచమని అడగడానికి మీటింగులో మనిషి ఉండడు కదా.

2030లో మొదలు కావాల్సిన హై ల్యూమినాసిటీ దశకు ఇప్పుడు మేం కొత్త ట్రిగ్గర్ కడుతున్నాం. ఒక్కో కలయికలో 60 బదులు 140 నుంచి 200 దాకా ఢీకొనుళ్లు ఉంటాయి. మొదటి అంచెకు 12.5 మైక్రోసెకన్లు దొరుకుతాయి, సెకనుకు ఏడున్నర లక్షల కలయికలు దాటించవచ్చు. అన్నిటికన్నా పెద్ద మార్పు, ట్రాకర్ చూసినది మొదటిసారిగా మొదటి అంచెకు అందడం. కొద్ది మిల్లీమీటర్ల ఎడంతో జోడించిన రెండు సిలికాన్ పలకల మీద పడ్డ చుక్కల్ని పోల్చి, అయస్కాంత క్షేత్రంలో బాగా వంగిన బలహీన కణాల్ని పలక దగ్గరే వదిలేస్తారు. నేను పట్టుబడుతున్నది ఒక్కటే. ఆ దారులు గీసే లెక్క కణాలన్నీ నడిమధ్యే పుట్టాయని అనుకోకూడదు, కొన్ని సెంటీమీటర్ల అవతల పుట్టినవాటికీ తలుపు తెరిచి ఉండాలి. దానికి చిప్‌లో చోటు ఎక్కువ పడుతుంది, సమయమూ పడుతుంది. ఎంత పడుతుందో జీరో బయాస్ లైను గురించి అడిగిన ఆ అమ్మాయే కొలుస్తోంది. తన లెక్క సరిపోతే వచ్చే మీటింగులో ఆ చోటు అడగబోయేది తనే.