అమ్మ గొంతుకు ఎంత గది కావాలి?

“ఏట్రా ఇది? అమ్మ నూతిలోంచి పాడుతున్నట్టుందేటి?”

ఫోన్లో మా అప్ప అన్న మొదటి మాట అది. మా ఉత్తరాంధ్రలో అక్కని అప్ప అంటాం. ఆ రాత్రే పాట పంపించాను. బాగుందంటుందనీ, కాస్త కళ్లు తుడుచుకుంటుందనీ ఎదురుచూశాను. నాలుగు నిమిషాల పాట విని ఒక్క ముక్కలో తేల్చేసింది.

నాకు కోపం వచ్చింది. ఎందుకు రాదు? పాటలు మిక్స్ చేయడం నా వృత్తి. గాజువాకలో పడగ్గదంత స్టూడియో. అయ్యప్ప మాలల కాలంలో భజనలు, సంక్రాంతి ముందు జానపదాలు, ఎన్నికలొస్తే ప్రచార గీతాలు... ఇరవై ఏళ్లుగా ఇదే పని. సంగీతంలో ఓనమాలు రాని అప్ప నాకు తప్పులు పట్టడమా! ఆ ఉక్రోషంతోనే మర్నాడు పొద్దున్నే హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ విన్నాను. అప్ప చెప్పింది నిజం. అమ్మ నూతిలోనే ఉంది. దింపింది నేనే.

అమ్మ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి చుట్టాలంతా వస్తారు. ఆవిడ పాడిన పాటలు ఓ అరడజను శుభ్రం చేసి, తలా ఒక పెన్‌డ్రైవ్ ఇవ్వాలని నా ఆలోచన. ఉన్నది ఒకే ఒక్క క్యాసెట్. 1994లో ఉక్కునగరం క్వార్టర్లో రికార్డు చేసింది. నాన్న అప్పుడు ‘గోదావరి’లో పనిచేసేవారు. నది కాదు, స్టీల్ ప్లాంట్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పేరు అది. మిగతా రెంటికీ కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి ఆయన లోపలి గదిలో పడుకుంటే, అమ్మ ముందు గదిలో కూరలు తరుగుతూ అధ్యాత్మ రామాయణ కీర్తనలో, మంగళహారతులో పాడుకునేది. ఆయన నిద్ర చెడకుండా గొంతు బాగా తగ్గించి పాడేది. కొత్తగా కొన్న టేప్‌రికార్డర్ స్టూలు మీద పెట్టి, ఎర్ర బటన్ నొక్కింది అప్పే.

ఆ క్యాసెట్లో అమ్మ పాటతో పాటు ఫ్యాను చప్పుడుంది, కుక్కర్ విజిల్ ఉంది, నేను ఎక్కాలు చదువుతున్న గోల ఉంది. ఒక పాట మధ్యలో అమ్మ ఆగి, “తలుపు మెల్లగా వెయ్యరా, నాన్నగారు పడుకున్నారు” అనడం కూడా ఉంది. వృత్తిధర్మంగా అన్నీ తీసేశాను. ఈ రోజుల్లో కంప్యూటర్లో చప్పుడు తుడవడం క్షణాల పని. తుడిచాక గొంతు బక్కచిక్కినట్టనిపించింది. అప్పుడు అందరూ చేసే పనే చేశాను. రివర్బ్ వేశాను, ధారాళంగా.

రివర్బ్ అంటే మీకు తెలియనిదేం కాదు. పెళ్లి మండపంలో పాటగాడు మైకు పట్టుకుని “కొంచెం ఎకో పెట్టండి మాస్టారూ” అంటాడే, అదే. నిజానికి ఎకో వేరు, రివర్బ్ వేరు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కనీసం 17 మీటర్ల దూరంలో కొండో గోడో ఉంటే, మనం అరిచిన అరుపు విడిగా తిరిగొస్తుంది. అది ఎకో, ప్రతిధ్వని. గోడలు దగ్గరగా ఉంటే వందలాది ప్రతిధ్వనులు ఒకదాని మీద ఒకటి పడి, విడిగా వినపడకుండా, గొంతు వెనక ఓ తోకలాగా కలిసిపోతాయి. అది రివర్బ్. బాత్రూంలో ప్రతివాడూ గాయకుడైపోవడానికి కారణం అదే. నున్నటి టైల్స్ ధ్వనిని పీల్చుకోవు, తిప్పి కొడతాయి. మన గొంతులోని గరుకంతా ఆ తోక కప్పేస్తుంది.

మన చెవి చాలా గడుసుది. కళ్లు మూసుకున్నా, మాట్లాడేవాళ్లు ఎంత దూరంలో ఉన్నారో, ఎలాంటి చోట ఉన్నారో ఈ తోకను బట్టి పసిగట్టేస్తుంది. గొంతు ఎక్కువా తోక తక్కువా ఉంటే, మనిషి పక్కనే ఉన్నట్టు. తోక పెరిగేకొద్దీ మనిషి దూరం జరుగుతున్నట్టు. అరకు దారిలో బొర్రా గుహలకి వెళ్లినవాళ్లకి ఇది అనుభవమే. లోపలికి దిగగానే పిల్లలు కేకలు వేస్తారు. పక్కనున్న పిల్లవాడి కేక కూడా ఎక్కడో కొండ కడుపులోంచి వచ్చినట్టుంటుంది. నేను మా అమ్మకి చేసింది అదే. కూరలు తరుగుతున్న మనిషిని తీసుకెళ్లి గుహలో కూర్చోబెట్టాను.

ఈ తోకకి లెక్క కట్టినాయన పేరు వాలెస్ సాబిన్. 1895లో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారికి ఒక చిక్కొచ్చింది. కొత్తగా కట్టిన లెక్చర్ హాల్లో పాఠం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఒక మాట అంటే అయిదున్నర సెకన్లు వినపడుతూనే ఉండేది. ఈలోగా వచ్చే మాటలన్నీ దాని మీద పడి కలగాపులగం. సాబిన్ అప్పుడు యువ ఫిజిక్స్ అధ్యాపకుడు. దగ్గర్లోని థియేటర్ నుంచి కుర్చీల మీది దిండ్లు తెప్పించి, రాత్రిళ్లు హాల్లో పరుస్తూ, ఆర్గాన్ పైపు ఊది, ఆ శబ్దం ఎప్పుడు ఆగిపోతుందో తన చెవితోనే విని లెక్కవేశాడు. దిండ్లు పెరిగేకొద్దీ తోక తగ్గింది. మూడేళ్లకి సూత్రం తేలింది. గది ఎంత పెద్దదైతే తోక అంత పొడుగు. ధ్వనిని పీల్చుకునే సామాను ఎంత ఎక్కువైతే తోక అంత పొట్టి. కూర్చున్న మనుషులు కూడా ఆ సామాను లెక్కలోకే వస్తారు. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఈ లెక్క ప్రకారం కట్టిందే.

ఆ తర్వాత స్టూడియోలవాళ్లు గదినే యంత్రంలోకి ఎక్కించే పనిలో పడ్డారు. 1947లో షికాగోలో బిల్ పుట్నం అనే ఇంజనీరు, హార్మోనికాట్స్ బృందం పాటకి తన స్టూడియో బాత్రూంనే వాడుకున్నాడు. బాత్రూంలో ఒక స్పీకరు, ఒక మైకు పెట్టి పాటను అందులోంచి తిప్పి తెచ్చాడు. 1957లో జర్మనీ నుంచి ‘ఈఎంటీ 140’ వచ్చింది. మా ఉక్కు ఊరివాళ్లకి ఇది భలే నచ్చే సంగతి. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అర మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు రేకును చట్రానికి స్ప్రింగులతో వేలాడదీస్తారు. గొంతును ఆ రేకులోకి పంపితే అది కంపిస్తుంది. ఆ కంపనాన్ని పట్టి పాటలో కలుపుతారు. గొంతుకి ఆ రేకు ఇచ్చే మెరుపే వేరు. ఈనాటికీ మా కంప్యూటర్లలో ‘ప్లేట్’ అనే బటన్ దానికి నకలే. 1976లో అదే కంపెనీ డిజిటల్ యంత్రం తెచ్చింది. ఇప్పుడైతే వందలాది గదులు, చర్చిలు, హాళ్లు ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి. చిక్కల్లా అక్కడే. చేతికందేది ఎక్కువయ్యేసరికి చెయ్యి ఆగదు.

నా దగ్గరికి పని నేర్చుకోడానికి వచ్చే కుర్రాళ్లకి నేను చెప్పే మాటలు నాలుగే.

ఒకటి, ముందు ఈ పాట ఎక్కడ జరుగుతోందో తేల్చుకో. తప్పెటగుళ్లు ఆరుబయట ఆట, దానికి హాలు తగిలిస్తే ఆట చచ్చిపోతుంది. గుడి రాతిమండపంలో పాడే పద్యానికి తోక కావాలి, లాలిపాటకి అక్కర్లేదు.

రెండు, పాట నడక చూడు. అమెరికన్ వేణువు విద్వాంసుడు పాల్ హార్న్ 1968లో తాజ్‌మహల్ గుమ్మటం కింద ఒంటరిగా వాయించి రికార్డు చేశాడు. అంత సేపు నిలిచే తోక వేణువుకి వరం. అక్కడే డోలక్‌తో భజన మొదలెడితే గందరగోళం. ఒక దెబ్బ తోక ఆగాకే ఇంకో దెబ్బ పడాలి.

మూడు, మాట ముందు, తోక తర్వాత. మాటకీ తోకకీ మధ్య సెకనులో ముప్ఫయ్యో వంతు ఖాళీ ఇచ్చినా చాలు, మాట స్పష్టంగా నిలబడుతుంది. తోకలోంచి బరువైన కింది స్వరాలు కోసెయ్. లండన్ ఆబీ రోడ్ స్టూడియోవాళ్లు 600 హెర్ట్జ్ కింద, 10,000 పైన ఉన్నదంతా తోకలోంచి తీసేసేవారు.

నాలుగు, ఇది ఉప్పులాంటిది. వినపడేదాకా పెంచు, వినపడగానే కొంచెం తగ్గించు. పూర్తిగా తీసేసినప్పుడు మాత్రమే అది ఉండేదని తెలియాలి.

ఇన్ని చెప్పే నేను అమ్మ పాట దగ్గర మొదటి మాటే మరిచిపోయాను.

సరే, ఈసారి పద్ధతిగా చేద్దామనుకున్నాను. ఇప్పుడొక వెసులుబాటుంది. ఏ గదిలోనైనా ఒక బెలూన్ పగలగొట్టి ఆ చప్పుడు రికార్డు చేస్తే, ఆ గది స్వభావమంతా అందులో ఉంటుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే, ఏ గొంతునైనా ఆ గదిలో పాడినట్టు చేసిపెడుతుంది. మేమున్న క్వార్టర్లో ఇప్పుడు వేరెవరో ఉంటున్నారు. మిత్రుడొకడు ఖాళీ చేస్తున్న క్వార్టరు మాత్రం అచ్చు అలాంటిదే. అదే కొలత, అదే గచ్చు, అదే సున్నం గోడలు. పదకొండు బెలూన్లు పగలగొట్టి వచ్చాను.

పాటకి తగిలించి విన్నాను. నుయ్యి పోయింది. కానీ అమ్మ ఇంకా మా ఇంట్లోకి రాలేదు. గొంతు చుట్టూ ఏదో డొల్లగా మోగుతోంది. ఆ మోత ఎక్కడో విన్నదే. ఎక్కడా అని బుర్ర బద్దలు కొట్టుకుంటే రాత్రెప్పుడో తట్టింది.

నాన్న రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసిన రోజు అది. పరుపులు, బీరువా, బట్టల మూటలు, అన్నీ లారీకెక్కించేశాం. చివరగా అమ్మ ఒక్కతే లోపల నిలబడి, “ఇంకేమైనా మిగిలిపోయాయేటి?” అంది. ఆ గొంతు గోడల మధ్య ఖంగున మోగింది. అమ్మే ఉలిక్కిపడింది. “అప్పుడే ఇల్లు పరాయిదైపోయింది చూడు” అని గబగబా బయటికి వచ్చేసింది. సాబిన్ దిండ్ల లెక్క మా అమ్మకి ఆ క్షణంలో అర్థమైపోయింది. మోగే ఇల్లంటే మనుషులూ సామానూ లేని ఇల్లు. నేను రికార్డు చేసి తెచ్చింది ఆ ఖాళీనే.

మరి నిండుగా ఉన్న ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? ఆ ప్రశ్న వేసుకున్నాక నా తెలివితక్కువతనం నాకే తెలిసొచ్చింది. ఆ ఇల్లు క్యాసెట్లోనే ఉంది! టేప్‌రికార్డర్ అమ్మకి మూడడుగుల దూరంలో స్టూలు మీద ఉండేది. దాని మైకు అమ్మ గొంతొక్కటే వినలేదు. మంచం మీది దుప్పట్లకి, దండెం మీది బట్టలకి, మా ఇద్దరికీ తగిలి మెత్తబడిన ఆ గదినంతా విన్నది. చప్పుళ్లు తుడిచే సాఫ్ట్‌వేర్‌కి ఫ్యాను మోతకీ గొంతు చివరి తోకకీ తేడా సరిగా తెలియదు. రెండూ సన్నగా సాగే శబ్దాలే. చప్పుడుతో పాటు ఆ గదినీ తుడిచేసింది. గదిలేక గొంతు బక్కచిక్కితే, నేను నూతిని తెచ్చి తగిలించాను.

అన్నీ పక్కనపెట్టి మళ్లీ మొదటికొచ్చాను. క్యాసెట్ని ఉన్నదున్నట్టుగా ఎక్కించాను. చెవిని గుచ్చే టేపు బుస కొంచెం తగ్గించాను, అంతే. రివర్బ్ బటన్ ముట్టుకోలేదు. ఫ్యాను, కుక్కరు, నా పదమూడో ఎక్కం, అన్నీ వాటి చోట్లలో ఉండనిచ్చాను. అప్పకి పంపాను. ఈసారి ఫోన్ రాలేదు. చాలాసేపటికి “ఇదీ...” అని మెసేజ్ పెట్టింది.

సంవత్సరీకం రోజు భోజనాలయ్యాక హాల్లో చిన్న స్పీకరు పెట్టాను. చాపల మీద, కుర్చీల్లో ముప్ఫై మందిదాకా ఉన్నారు. మొదటి పాటకి పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో పాట మధ్యలో అమ్మ ఆగి, “తలుపు మెల్లగా వెయ్యరా, నాన్నగారు పడుకున్నారు” అంది. పిల్లలు నవ్వారు.

వాలుకుర్చీలో కళ్లు మూసుకుని ఉన్న నాన్న కళ్లు తెరవకుండానే అన్నారు.

“పడుకునేవాణ్ణి కాదురా. వింటూ ఉండేవాణ్ణి.”