డోర్నకల్లుకు ప్యాసింజరు బండిలో



కారులో వెళితే చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చునని మేము చెప్పి చూశాము. మా అత్తగారు ఒప్పుకోలేదు. "మా అమ్మ రైలులోనే పోయేది, నేనూ రైలులోనే పోతాను" అన్నారు. ఆమెకు ఎనభై దాటాయి, మోకాళ్ళు సహకరించవు. మరొకసారి రాగలరో లేదో. అందుచేత ఫిబ్రవరి మాసములో పిల్లలతో కలిసి వరంగల్లులో ప్యాసింజరు ఎక్కాము.

నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాదు. బండి ఆగిన ప్రతిచోటా బస్తాలు ఎక్కాయి, దిగాయి. కిటికీలోనుండి కల్లాలలో ఎర్రగా ఆరబోసిన మిరప కనిపించేది. మా ప్రక్కన కూర్చున్న రైతు, కాయ బాగా ఆరకముందే తొందరపడి బస్తాకెత్తితే బూజు పడుతుందని మా పిల్లలకు చెప్పాడు. ధర సంగతి అడిగితే మాత్రం నవ్వి ఊరుకున్నాడు.

డోర్నకల్లులోని ఎపిఫనీ కెథీడ్రల్‌ను ఏండ్ల తరబడి కట్టి 1939లో ప్రతిష్ఠించారు. కట్టించిన బిషప్ అజరయ్య గారు తిరునెల్వేలి ప్రాంతపు తమిళులు. తెలుగు నేర్చుకొని ఇక్కడి పల్లెలలో సేవచేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆ దేవాలయమునకు మసీదును తలపించే గుమ్మటాలు, లోపల గుడి మండపములో ఉన్నట్టి రాతి స్తంభాలు. ఇవి మనకెందుకని అనేవారు నేటికీ ఉన్నారు. మాకైతే, ఈ నేలమీద పుట్టిన విశ్వాసులు పరాయి ఇంట్లో కాక తమ ఇంట్లోనే ప్రార్థించాలని ఆయన తలంచినట్లు తోచింది.

అత్తగారు ఒక స్తంభాన్ని ఆనుకొని కూర్చున్నారు. ఆమె తల్లి ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేదట. ఆదివారం ఆ బియ్యమే కానుక. చేతిలో పైసా లేని కూలి ఇల్లు అది.

"ఇందులో మా అమ్మ పిడికెడు లేకుండా ఉంటుందా?" అన్నారు, రాతిని నిమురుతూ.

మేము తల వంచుకొన్నాము. ఆ కుండ మొన్నమొన్నటివరకు మా ఇంట్లోనే ఉండేది. ఇల్లు మారినప్పుడు, అంచు పగిలినదని మేమే పారవేశాము.

"ఎంత కుండ, నాయనమ్మా?" అని మా చిన్నవాడు అడిగాడు. ఆమె రెండు చేతులు గుండ్రంగా పట్టి చూపించారు. వాడూ అలాగే పట్టి చూసుకొన్నాడు.

స్టేషను వైపునుండి కూత వినబడింది. మేము ఎక్కవలసిన బండి అదే.

"వెళ్దామా అత్తమ్మా?"

"పోనియ్యమ్మా, ఇంకొకటి వస్తుంది" అన్నారు.