‘ముహన్నద్’ వెంట కోనసముద్రానికి

హజ్రత్ కఅబ్ బిన్ జుహైర్ (రజి) దైవప్రవక్త (స) సన్నిధిలో వినిపించిన ఖసీదాలో ‘ముహన్నద్’ అనే పదం వస్తుంది. హింద్ ఇనుముతో చేసిన ఖడ్గమని అర్థం. పాతికేళ్లుగా ఆ అర్థం చెబుతూనే ఉన్నాను. నిరుడు ఒక విద్యార్థి, “హింద్‌లో ఎక్కడ, ఉస్తాద్?” అన్నాడు. నా వద్ద సమాధానం లేకపోయింది.

ఆ ప్రశ్నే నన్ను నిజామాబాద్ జిల్లాకు నడిపించింది. ఆర్మూరు మీదుగా కమ్మర్‌పల్లి చేరి, అక్కడి నుండి కోనసముద్రం వెళ్లాను. చూడడానికి కోటలేమీ లేవు. నేలలో నల్లని ఇనుప చిట్టెం, పగిలిన మూసల పెంకులు. ఒక చిట్టెం ముక్కను చేతిలోకి తీసుకుంటే దాని బరువుకు అరచేయి వాలింది.

ఇక్కడి కమ్మరులు ఇనుమును మట్టి మూసలో బిగించి, కొలిమి తిత్తులు ఆపకుండా ఊది, కరిగించి, మెల్లగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవారు. 19వ శతాబ్ది తొలినాళ్లలో ఆ పనిని చూసిన హెన్రీ వాయిసీ అనే వైద్యుని వ్యాసం 1832లో అచ్చయింది. ఇస్ఫహాను నుండి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు ఉక్కు కొనేందుకు ఇక్కడే మకాం వేసి ఉన్నాడట. తమ దేశంలో ఈ ఉక్కును చేయబోయి విఫలమయ్యారని ఆయనే చెప్పాడట. అంత దూరం నుండి వచ్చి కొలిమి పక్కన కూర్చున్న ఆ వర్తకుని ఓపికను తలచుకుంటూ కాసేపు చెట్టు నీడన నిలబడ్డాను.

ఆ ఉక్కును సాగగొట్టడమూ తేలిక కాదు. అతిగా కాల్చితే సుత్తి దెబ్బకు పొడిపొడి అవుతుంది, నీటి అలల వంటి చారలూ మాయమవుతాయి. నేడు అమెరికా, ఐరోపాలలో పాత యుద్ధాలను వేషాలు కట్టి ప్రదర్శించే బృందాలున్నాయి. వారి ఆటపోరుకు మొద్దు అంచు కత్తి చాలు. ఆ చారల ఖడ్గాన్ని పాత పద్ధతిలోనే మళ్లీ చేయాలన్న పట్టుదల మాత్రం కొందరు కమ్మరులది. ఫ్లోరిడాలో గుర్రాలకు లాడాలు కొట్టే ఆల్ పెండ్రే, లోహశాస్త్ర ఆచార్యుడు జాన్ వెర్హోవెన్‌తో కలిసి ఏళ్ల తరబడి శ్రమించాడు. ఇనుములో లేశమాత్రంగా ఉండే వెనేడియం వంటి మూలకాలే ఆ చారలకు కారణమని 1998లో వారు ప్రకటించారు. మన కమ్మరికి వెనేడియం పేరు తెలియదు. ఏ ఇనుము పనికొస్తుందో మాత్రం చేతికి తెలుసు. ఆ చేయి ఎవరికీ రాసివ్వలేదు.

చిట్టెం ముక్కను అక్కడే ఉంచి వచ్చాను. హింద్ ఉక్కు పుట్టిన చోట్లలో ఇదొకటి అని మాత్రమే తరగతిలో చెప్పాను. కఅబ్ (రజి) కాలపు ఖడ్గం ఈ ఊరిదేనని అనలేదు. అయినా ఆ పిల్లవాడు ‘ముహన్నద్’ పక్కన పెన్సిలుతో, తెలుగు అక్షరాల్లో ‘కోనసముద్రం’ అని రాసుకున్నాడు. కితాబు మీద రాయకూడదని నేనే నియమం పెట్టాను. ఆనాడు చూడనట్లే ఊరుకున్నాను.