పూనకానికి ప్రతిపదార్థం

మాయా డెరెన్ అమెరికాకు చెందిన చలనచిత్రకారిణి. స్వప్నసదృశమైన లఘుచిత్రాలతో పేరు గడించినది. 1947లో హైతీ దేశానికి వెళ్ళినప్పుడు, అక్కడి వూడూ క్రతువుల్లోని నాట్యాన్ని తన కళాసృష్టిలో ఇముడ్చుకోవాలన్నది ఆమె సంకల్పం.

అక్కడ దేవత ఆవహించిన భక్తుణ్ణి 'గుర్రం' అంటారు, దేవత రౌతు. ఈ మాట తెలియగానే మన 'పూనకం' స్ఫురించింది. రథానికి గుర్రాలను పూన్చడమూ, అమ్మవారు ఒంటిమీద పూనడమూ ఒకే ధాతువు. భాషలు వేరైనా ఊహలు ఎంత దగ్గర!

చూడగా చూడగా, ఆ క్రతువులను తన చిత్తానుసారం కత్తిరించి కూర్చడం తగదని ఆమెకు తోచింది. 1953లో గ్రంథం వెలువరించింది గాని, చిత్రాన్ని పూర్తిచేయలేదు. 1961లో కన్నుమూసింది. ఆ పిదప భర్త టెయిజి ఇటో, షెరెల్ ఇటో ఆ దృశ్యాలను కూర్చి, ఆమె గ్రంథంలోని మాటలను వ్యాఖ్యానంగా జతచేసి 'డివైన్ హార్స్‌మెన్' అనే చిత్రంగా అందించారు.

ముప్పైయేళ్ళు పద్యాలకు పదవిభాగం చేసి బోధించినవాణ్ణి. విడదీయనిదే అర్థం తెలియదన్నది మా వృత్తి విశ్వాసం. డెరెన్ సంకోచం దానినే ప్రశ్నిస్తున్నది. నేలపై పిండితో తీర్చే 'వేవే'లు, మన ముగ్గుల వంటివి, దేవతలను పిలిచే చిహ్నాలని ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. కాని దేవత పూని మనిషి మోము మారే క్షణాన వివరణ అడ్డే. మద్దెలల మ్రోత చాలును.

ప్రతిపదార్థం ముగిశాక పద్యాన్ని మరల ఆసాంతం చదవడం మా తరగతి ఆనవాయితీ. పిల్లల కళ్ళు వెలిగేది ఆ రెండవ పఠనంలోనే. మిత్రులారా, ఈ చిత్రాన్నీ రెండుమార్లు చూడండి. రెండవమారు వ్యాఖ్యానాన్ని పట్టించుకోకండి.