దంతవైద్యుని గదిలో త్యాగరాజస్వామి

దంతవైద్యుని కుర్చీలో కూర్చుండినవాని భయము లోకమునకు తెలియును. కుర్చీ ప్రక్కన నిలిచినవాని భయమును ఎరిగినవారు తక్కువ. తరములనుండి చెన్నపట్టణమున స్థిరపడి, ఈ వృత్తి చేయుచున్న తెలుగువారము మేము. వేరు విరిగిన జ్ఞానదంతమును పెకలించునపుడు రోగి గుండెతోపాటు మా గుండెయు కొట్టుకొనును. మెడ పట్టుకొనును, వ్రేళ్లు బిగిసికొనును, ఊపిరి మాకు తెలియకయే నిలిచిపోవును. నోరు చిన్నది, నాలుక ఊరకుండదు, బయట మరి నలుగురు కాచుకొనియుందురు. 1957లో గాలితో తిరుగు డ్రిల్లు వచ్చినపిమ్మట పని వేగిరమైనది గాని, నిమిషమునకు సుమారు 3,00,000 చుట్లు తిరుగు దాని కూత రోగికి అరగంట, మాకు దినమంతయు.

పంటికి పాట మందన్న మాట క్రొత్తది కాదు. అమెరికాలో గార్డ్‌నర్ అను దంతవైద్యుడును, లిక్‌లైడర్ అను శాస్త్రజ్ఞుడును రోగికి హెడ్‌ఫోను తగిల్చి, సంగీతమును, జలపాతమువంటి హోరును వినిపించి, 1960లో 'సైన్స్' పత్రికలో ఆ సంగతి ప్రకటించిరి. ఆ పద్ధతి తరువాత వాడుక తప్పినది. మత్తుసూదికి బదులు సంగీతమని మేమును చెప్పము. అయినను విలంబకాలపు రాగము వెంట మా ఊపిరి నిదానించును, చేయి కుదురుకొనును. హెచ్చుగా మాత్రము పెట్టరాదు. రోగి మూలుగు వినబడవలెను గదా!

ఇందొక చిక్కు కలదు. త్యాగరాజస్వామి (1767–1847) తిరువయ్యారున నివసించి తెలుగున కృతులు రచించెను. మా తమిళ మిత్రులలో పలువురు వైద్యులకు ఆ సాహిత్యము నాదముగనే చెవి సోకును, పనికి అడ్డురాదు. మాకట్లు కాదు. స్వామి రాముని నిలదీయుచుండగా మనసు పంటిని విడిచి ఆ మాట వెంట నడచును. కావున కష్టమైన పనికి మేము వీణ మాత్రమే పెట్టించుదుము. తెలుగు వచ్చుట ఇట్లొక ఆటంకమగునని మా గురువులెవ్వరును చెప్పలేదు.

మా కుమారుడును దంతవైద్యుడే. ప్రక్క గదిలో ఎంతటి కష్టమైన పనికైనను పాటయే పెట్టుకొనును, చేయి తొణకదు. మాటలు అడ్డురావా నాయనా అని ఒకనాడు అడిగితిమి. ఏ మాటలని అతడు మమ్మే తిరిగి యడిగెను, తమిళమున.

అప్పటినుండి ఆఖరి రోగి వెళ్లినపిమ్మట, దినమున కొక చరణము చొప్పున అర్థము చెప్పుచున్నాము. ఇప్పటికి నాలుగు కృతులైనవి. నిన్న ఒక దవడపంటి వద్ద అతడు పాట ఆపించి వీణ పెట్టుమనెనని సహాయకురాలు చెప్పెను.